నన్నారి

ఎండాకాలం అనంతపురంలో నన్నారి షర్బత్ బండి దగ్గర ఎవరైనా ఆగాల్సిందే. గ్లాసు అడుగున ఎర్రటి పాకం, దాని మీద నిమ్మరసం, నానిన సబ్జా గింజలు, ఆపైన పొంగే గోలీ సోడా. ఆ సోడా సీసాకు 1872లో పేటెంటు పొందింది ఇంగ్లండు వాడు హైరమ్ కాడ్. పాకానికి వాడే సుగంధి వేరు మాత్రం మన కొండలదే. ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉండే ఈ నేలలో దాహం తీర్చడానికి ఇంత పరిమళం ఎందుకు వెతుక్కున్నారో! మా అవ్వ వేర్లు దంచి, నానబెట్టి, బెల్లంతో కాచేది, ఆ వాసన వీధంతా తెలిసేది.

ఇప్పుడు పెద్ద నగరాల బార్లలో అదే పాకం జిన్‌తో కలిసి కాక్‌టెయిల్ అవుతోంది. నాకు సంతోషమే. కానీ అందులో పోసేది ఎసెన్సు కాకూడదు, వేరు తవ్వి తెచ్చినవాళ్లకు సరైన ధర దక్కాలి.