కళాయి నిలిస్తేనే రాగి

ఏడాదికి రెండుసార్లు, మా వంటింటికి సెలవైన సోమవారం పూట, నాలుగు రాగి గిన్నెలు గోనెసంచిలో చుట్టుకుని గురుగ్రామ్‌లో మెట్రో ఎక్కుతాను. పసుపు లైన్లో బండి మారకుండా చావ్డీ బజార్‌లో దిగొచ్చు. శుభలేఖల కొట్లు, ఇత్తడి సామాన్ల కొట్లు దాటాక ఒక సందులో కళాయి వేసే చాచా కొలిమి ఉంటుంది. నా ఫ్రెంచి గిన్నెలు ఇన్నేళ్లు నిలిచాయంటే అది ఆయన చేతి చలవే.

పద్నాలుగేళ్లుగా ఫ్రెంచి వంట చేస్తున్నాను. వెన్న, గుడ్డుసొన కలిపి చేసే హాలండేజ్ సాసు విరక్కుండా రావాలన్నా, పంచదార పాకం మాడకముందే ఆగాలన్నా నాకు రాగే కావాలి. స్టీలుకంటే ఇరవై రెట్లకు పైగా వేడిని అది పాకనిస్తుంది. మంట తగ్గించగానే గిన్నె వేడి కూడా తగ్గుతుంది.

కొనేటప్పుడు మెరుపు చూడను, అంచు చూస్తాను. 2.5 మిల్లీమీటర్ల మందముంటే పొయ్యి మీద పనికి గట్టిది. 1.5 ఉన్నది వడ్డనకు బాగుంటుంది. పోత ఇనుప పిడి ఇత్తడి పిడిలా తొందరగా కాలదు. అడుగున పల్చటి రాగి రేకు ఉన్న స్టీలు గిన్నెల్నీ రాగి పేరుతోనే అమ్ముతారు, ఎత్తి చూస్తే బరువే చెబుతుంది. మావి నార్మండీలోని విల్దియో-లె-ప్వాల్ నుంచి వచ్చాయి. మోవియెల్ కంపెనీ 1830లో మొదలైంది ఆ ఊళ్లోనే. ఊరి పేరులోనే పెనాలున్నాయి.

లోపల స్టీలు పూత ఉన్నవీ దొరుకుతాయి. వాటికి కళాయి బెడద లేదు. నేను మాత్రం తగరం పూతే ఎంచుకుంటాను, సాసు అడుగంటదు. అయితే తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఢిల్లీకి వచ్చిన కొత్తలో ఒక వంటింట్లో ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి పక్కకు తిరిగాను. మళ్లీ చూసేసరికి పూత వెండి బొట్లలా గుమిగూడింది. ఆ రోజు పెద్ద చెఫ్ తిట్టలేదు. “ముందు వెన్న, తర్వాత మంట” అన్నారు. ఇప్పుడు నా దగ్గర చేరే పిల్లలకు మొదటి పాఠం అదే.

మిగతా జాగ్రత్తలు మా అమ్మ ఇత్తడి గిన్నెలకు పాటించినవే. చెక్క గరిటె వాడాలి. ఇనుప పీచు తగలనివ్వకూడదు. పైన చింతపండు, ఉప్పు వేసి తోమాలి. లోపలి తగరం బూడిదరంగుకు తిరిగితే అది మురికి కాదు, రుద్దకూడదు. రూపాయి బిళ్లంత మేర రాగి బయటపడితే మాత్రం ఆ గిన్నె పక్కన పెట్టాల్సిందే. పులుపు తగిలితే రాగి కరిగి వంటలో దిగుతుంది. కళాయి పోయిన గిన్నెలో అమ్మ పులుసు కాచేది కాదు, చిలుము దిగుతుందని. అలాంటి గిన్నెలో నేనూ టమాటా, వెనిగర్ వెయ్యను.

చాచా ముందు జిడ్డు వదలగొట్టి ఇసుకతో రుద్దుతారు. బొగ్గుల మీద గిన్నె కాగాక నవాసాగరం చల్లితే తెల్లటి పొగ లేస్తుంది. తగరం కడ్డీ తాకించగానే కరిగి జారుతుంది. అప్పుడే దూదితో గిన్నెంతా తిప్పెయ్యాలి, క్షణం ఆలస్యమైతే మరకలు పడతాయి. ఫ్రెంచివాళ్లు ఎతమాజ్ అనే పని ఇదే.

తగరం నేనే తీసుకెళ్తాను. చౌక టంకం కడ్డీల్లో సీసం కలిసి ఉండొచ్చు, వంటగిన్నెలో అది విషం. సీసం కాగితం మీద నల్లగా గీత పెడుతుంది. మంచి తగరాన్ని వంచితే కిర్రుమంటుంది. చాచా కూడా చెవి దగ్గర పెట్టుకుని వంచి చూశాకే కొలిమి రాజేస్తారు.

మొన్న మరో మూడు గిన్నెలు కొందామని యాజమాన్యం అడిగితే, కళాయి వేయించడానికి ఏటా ఎంత కేటాయిస్తారో ముందు రాసిమ్మన్నాను. ఇచ్చాకే సరేనన్నాను. ఇప్పుడు చావ్డీ బజార్‌కు ఒక్కణ్ణే వెళ్లడం లేదు, పనికి చేరిన పిల్లల్లో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. ఆ సందు వాళ్లకూ తెలిసి ఉండాలి.