మొదటి గంట మోరీ దగ్గరే

పట్టాలు తప్పిన రైలు నుంచి చమురు ఒలికితే దాన్ని ఎవరు, ఎలా ఎత్తుతారో చూసి రాయమని సంపాదకులు కోరారు. ఇలాంటి కథనాలు మామూలుగా కాలిన వ్యాగన్ల పక్కన మొదలవుతాయి. అక్కడ కనిపించేది అయిపోయిన నష్టమే. నష్టాన్ని ఆపగలిగిన చోటు ఎలా ఉంటుందో చూడాలని కర్ణాటకలో రాయచూరు జిల్లా గిల్లేసూగూరు వెళ్ళాను. రాయచూరుకూ మంత్రాలయానికీ నడుమ, తుంగభద్రకు ఉత్తరాన ఉన్న నల్లరేగడి నేల ఇది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం వినిపించే సరిహద్దు సీమ. బొంబాయి నుంచి వచ్చిన రైలుదారీ మద్రాసు నుంచి వచ్చిన రైలుదారీ 1871లో కలుసుకున్నది రాయచూరులోనే. ఆ దారి ఈ ప్రాంతపు మట్మారి స్టేషను దాటి, తుంగభద్ర వంతెన ఎక్కి, మంత్రాలయం రోడ్డు, ఆదోని మీదుగా గుంతకల్లుకు పోతుంది. రైలుకట్ట కింద మోరీల్లోంచి వంకలు నదివైపు జారుతుంటాయి. రాజోలిబండ ఆనకట్ట దగ్గర పుట్టిన 143 కిలోమీటర్ల కాలువ మొదట ఈ జిల్లా నేల మీదే నడిచి, తెలంగాణలో గద్వాల, అలంపురం వైపు 87,500 ఎకరాల ఆయకట్టును చేరుకోవాలి. నది దిగువన మంత్రాలయం, ఆ తర్వాత సుంకేసుల బ్యారేజీ, ఆపైన కర్నూలు. ఇక్కడ ఒక వంకలో పడిన చమురు మూడు రాష్ట్రాల నీళ్ళకు సంబంధించిన సంగతి.

పొలం కాలువలో అడ్డకట్ట వేస్తున్న ఒక పెద్దాయన దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. గట్టు పక్కన తడిసిన రేగడిని పారతో పెళ్ళలుగా కోస్తాడు. పెళ్ళ కింద గుప్పెడు గడ్డి పరుస్తాడు. రెండు అంచుల నుంచి నడుముకు వస్తూ పేర్చి, మడమతో తొక్కి, పైన ఇంకో వరస వేస్తాడు. కట్ట మోకాలెత్తు కాకముందే ఒక పాత పీవీసీ పైపును అందులో ఏటవాలుగా పెట్టాడు. నీళ్ళు వచ్చే వైపు మూతి కాలువ అడుగున, అవతలి మూతి కాస్త ఎత్తున ఉంది. నీరు నిండి పైపులోంచి పోవడం మొదలైంది. మీద తేలుతున్న చెత్త, నురగ ఇవతలే ఆగిపోయాయి. పైపు అలా ఎందుకు పెట్టారని అడిగితే, "మీద తేలేది పోగూడదు సారూ, అడుగునీళ్ళే పోవాల. లేకుంటే గడ్డివిత్తనమంతా మడిలోకి పోతాది" అన్నాడు. తర్వాత ఆయన మాట నీళ్ళ కొరత మీదికి మళ్ళింది. తుంగభద్ర ఎడమ కాలువ 227 కిలోమీటర్లు నడిచి ఈ తాలూకాకు వచ్చేసరికి అందులో మిగిలేది తక్కువ. "మాది కాలువ తోక. పైవాళ్ళు తడుపుకున్నంక మిగిల్తే మాకు" అన్న ఆ ఫిర్యాదు ఈ సీమలో ఎవరి నోట విన్నా ఇంతే. కానీ చివరి ఆయకట్టులో దశాబ్దాలుగా నీళ్ళకోసం కాచుకున్న మనుషులకు ఒక విద్య అబ్బింది. ఏ మోరీలోంచి వచ్చిన నీరు ఏ వంకలో కలుస్తుందో, ఎంతసేపట్లో ఎక్కడికి చేరుతుందో, ఎక్కడ రెండు తట్టల మట్టి వేస్తే ఆగుతుందో వాళ్ళకు తెలుసు.

ఆ పెద్దాయన వేసిన కట్ట చమురు శుభ్రం చేసేవాళ్ళ పాఠంలో మొదటి పనిముట్టు. ముడి చమురైనా డీజిలైనా సాధారణంగా నీటికన్నా తేలిక కాబట్టి పైన తేలుతుంది. వంకకు అడ్డంగా మట్టికట్ట వేసి, అడుగు నుంచి నీటిని వదిలితే చమురు కట్ట వెనక పొరగా నిలుస్తుంది. అక్కడి నుంచి దాన్ని తోడవచ్చు, పీల్చవచ్చు. ఆ పని సమయానికి చేయకపోతే ఏమవుతుందో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం చూసింది. 2010 జూలై 25న అక్కడ ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ పైపు పగిలింది. పగిలిన సంగతి కంట్రోల్ గదిలో తేల్చుకోవడానికే 17 గంటలు పట్టింది. టాల్మడ్జ్ అనే చిన్న వాగులోంచి చమురు కాలమజూ నదిలోకి దిగింది. తర్వాత విచారణ జరిపిన అమెరికా రవాణా భద్రతా సంస్థ చెప్పిన తప్పుల్లో ఒకటి ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. మొదట చేరిన సిబ్బంది వాగు మీది మోరీలను అడుగునీటి కట్టలుగా వాడుకోలేదు, వేగంగా పారే నీటికి పనికిరాని తేలుడు తెరలు దించారు. నదిని బాగుచేయడానికి చివరికి వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. అంత సంపన్న దేశంలో, అంత పెద్ద కంపెనీకి మొదటి గంటల్లో కొరవడింది యంత్రాలు మాత్రమే కాదు, ఏ మోరీని ఎలా కట్టాలో ఎరిగిన మనిషి కూడా.

ఇది రైల్వే బాధ్యత, ఊరివాళ్ళ మీదికి ఎందుకు నెట్టాలని అడగవచ్చు. బాధ్యత రైల్వేదీ, చమురు కంపెనీదీ అనడంలో నాకు సందేహం లేదు. ప్రశ్న కాలం గురించి. సెకనుకు అర మీటరు వేగంతో పారే వంక గంటకు దాదాపు రెండు కిలోమీటర్లు పోతుంది. పెద్ద క్రేనుతో సహాయ రైలు ఏ జంక్షను నుంచి వచ్చినా, వచ్చాక మొదట చేయవలసినవి మనుషులను కాపాడడం, మంటలు ఆర్పడం, దారి తెరవడం. 2025 జూలై 13 తెల్లవారుజామున తమిళనాడులో తిరువళ్ళూరు దగ్గర డీజిలు రైలు పట్టాలు తప్పి 18 వ్యాగన్లు తగలబడ్డాయి. అలాంటి చోట అగ్నిమాపక సిబ్బంది చూపు మంట మీదే ఉంటుంది, ఉండాలి కూడా. మన దేశంలో ముడి చమురు ఎక్కువగా ఓడల్లో, పైపుల్లో పోతుంది. రైలెక్కేది ఎక్కువగా డీజిలు, పెట్రోలు. ఒక్కో ట్యాంకు వ్యాగనులో దాదాపు 70 వేల లీటర్లు పడతాయి. అలాంటివి ఒక్క రైలుకు 50 దాకా ఉంటాయి. కెనడాలోని లాక్ మెగాంటిక్‌లో 2013 జూలై 6న ముడి చమురు రైలు పట్టాలు తప్పి 47 మంది చనిపోయినప్పుడు, ఒలికిన 60 లక్షల లీటర్లలో సుమారు లక్ష లీటర్లు షోడియేర్ నదిలో కలిశాయి. అంత చిన్న వాటాతోనే దిగువ పట్టణాలు నదినీళ్ళు తోడుకోవడం మానేసి వేరే ఆధారం వెతుక్కోవలసి వచ్చింది. మంట దగ్గర ఒక దళం పనిచేస్తుండగానే, నీటిదారి మీద ఇంకో దళం పని మొదలుపెట్టాలి. ఆ రెండో దళం మోరీకి దగ్గరలో బతికేవాళ్ళే కాగలరు.

ఆపిన చమురును ఎత్తడానికి కావలసిన సరుకూ ఈ జిల్లాలోనే ఉంది. రాయచూరు పత్తికి పేరున్న మార్కెట్టు, జిన్నింగ్ మిల్లుల ఊరు. పచ్చి పత్తిపోగు మీద సహజంగా ఒక మైనపు పూత ఉంటుంది. దానివల్ల అది నీటిని నెట్టి చమురును పట్టుకుంటుంది. టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో శేషాద్రి రామ్‌కుమార్ బృందం, పక్వానికి రాని, బజారులో ధర పలకని పత్తి తన బరువుకు 30 రెట్లకు పైగా ముడి చమురును పీల్చుకోగలదని 2013లో చూపింది. సబ్బుపెట్టి తెల్లగా చేసిన దూదికి ఈ గుణం ఉండదు, మైనం పోతుంది కాబట్టి. రైతు తెచ్చిన పత్తిలో రంగు తగ్గిందనీ పోగు పొట్టిదనీ పక్కన పెట్టే ప్రతి బస్తా, ఇక్కడ ఒక నిల్వ సరుకు కాగలదు. దాన్ని వలసంచుల్లో కూరి, పొడుగు దిండ్లుగా కుట్టి, కట్ట వెనక తేలవేయాలి. పరుపులు కుట్టే చేతులకు ఈ పని కొత్తగా నేర్పనక్కర్లేదు. ఫ్యాక్టరీల్లో చేసిన పాలీప్రొపిలీన్ దిండ్లు మంచివి కావా అంటే, మంచివే. అవి వచ్చేదాకా వంక ఆగదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ప్రాణభయం. శిక్షణ లేని పల్లెజనాన్ని చమురు దగ్గరికి పంపడం వాళ్ళను బలిపెట్టడమే కదా? ఈ భయం నిజమైనది. తాజా ముడి చమురు నుంచి మొదటి గంటల్లో బెంజీను వంటి ఆవిర్లు లేస్తాయి. కొన్ని రకాల ముడి చమురులో ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది. పెట్రోలు ఆవిరి నేలమట్టంగా పాకి, దూరంగా బీడీకి గీసిన అగ్గిపుల్లకు అంటుకోగలదు. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ శర్కియా దగ్గర ఆయిలు ట్యాంకరు బోల్తాపడితే, కారే ఇంధనాన్ని బిందెలకు పట్టుకోవడానికి చేరిన జనం 200 మందికి పైగా కాలిపోయారు. కానీ ఆ ఉదాహరణ సన్నద్ధతకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పదు. ఒలికిన చోటికి జనం ఎలాగూ వస్తారని, ఏం చేయకూడదో ముందే తెలియకపోతే చస్తారని చెబుతుంది. నేనడిగే దళం వ్యాగను దగ్గరికి పోయేది కాదు. కిలోమీటరో రెండు కిలోమీటర్లో దిగువన, గాలి ఆవిరిని మోసుకురాని వైపున, ఆవిరిని కొలిచే చిన్న యంత్రం చేతపట్టిన ఒక శిక్షితుడి అదుపులో, చమురు ఇంకా రాని వంకలో పొడినేల మీద కట్ట వేసేది. యంత్రం మోగితే పారలు అక్కడే పడేసి వెనక్కి వచ్చేది. ఊరిలో మిగతావాళ్ళను పట్టాల వైపు పోనీయకుండా ఆపడం కూడా వాళ్ళ పనే.

సన్నద్ధత లేకపోయినా చివరికి చమురు ఎత్తే పని మనుషుల చేతులే చేస్తాయి. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నాక, ఒడ్డుకు చేరిన జిడ్డును మనుషులు బకెట్లతో ఎత్తిపోసిన దృశ్యం దేశమంతా చూసింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో పాటు అదే ఎన్నూరు పాయలోకి చమురు చేరినప్పుడు, పడవలేసుకుని దాన్ని తోడిందీ జాలరులే. వాళ్ళ నైపుణ్యాన్ని ముందు గుర్తించి, జీతం, చేతితొడుగులు, ముఖకవచం, వైద్యపరీక్ష సిద్ధం చేసి ఉంటే అది గౌరవమైన వృత్తి అయ్యేది. ముందు పట్టించుకోకుండా అవసరం వచ్చినప్పుడు మాత్రం పిలిస్తే అది వాడుకోవడం అవుతుంది. కాలువ చివరి రైతు ఫిర్యాదులో ఉన్న అన్యాయం ఇదే. నీళ్ళు పంచేటప్పుడు చివర, కష్టం పంచేటప్పుడు మొదట.

నేల సంగతి కూడా ఊరివాళ్ళకే బాగా తెలుసు. రేగడి తడిస్తే ఉబ్బి మూసుకుంటుంది. వానాకాలంలో చమురు ఇంకకుండా వంకల్లోకి పరుగెడుతుంది, అప్పుడు కట్టే ముఖ్యం. ఎండాకాలంలో అదే నేల చెయ్యి దూరేంత పగుళ్ళు వేస్తుంది. చమురు ఆ పగుళ్ళలోంచి లోతుకు దిగుతుంది, అప్పుడు కట్టకన్నా ముందు పగుళ్ళ నోళ్ళు తడిమట్టితో మూయాలి. పైన కొత్త మట్టి పోసి దున్నేస్తే చూపుకు శుభ్రమైనట్టు ఉంటుంది గానీ విషం వేరు దగ్గర నిలుస్తుంది. చమురు పట్టిన మట్టినీ పత్తినీ ప్లాస్టిక్ పరిచిన గుంటలో వేరుగా ఉంచి, ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం తరలించాలి. మిగిలిన జిడ్డును తినే సూక్ష్మజీవులను టెరీ సంస్థ 'ఆయిల్‌జాపర్' పేరుతో ఎప్పుడో తయారుచేసింది. అవి నెలల తరబడి చేసే పని. మొదటి గంటలో ఎంత తక్కువ నేల పాడైతే ఆ నెలలు అంత తగ్గుతాయి.

ఇంత అరుదైన ప్రమాదానికి ఇంత ఏర్పాటా, తాగునీళ్ళకే దిక్కులేని చోట ఇదా ముఖ్యం అని కూడా అనవచ్చు. తాగునీళ్ళు కొరత కాబట్టే ఇది ముఖ్యం, ఉన్న కాసిని నీళ్ళూ పాడైతే ఇంకో దారి లేదు. పైగా ఈ సన్నద్ధత చమురు రైలుకే పరిమితం కాదు. రోడ్డు మీద బోల్తాపడే డీజిలు ట్యాంకరుకూ, వంకలో పడే పురుగుమందు లారీకీ, వంక పొంగే రాత్రికీ అవే బస్తాలు, అదే పటం, అవే ఫోను నంబర్లు పనికొస్తాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచిన వరద ఈ సీమ మరచిపోలేదు. వరద కట్టను కోస్తే పట్టాలు తప్పుతాయి, తప్పిన రైలులోని చమురును ఆ వరదే మోసుకుపోతుంది. అమెరికాలోని అయోవాలో డూన్ దగ్గర 2018 జూన్‌లో ముడి చమురు రైలు సరిగ్గా అలాగే వరదనీళ్ళలో పడింది.

సముద్రంలో చమురు ఒలికితే ఎవరు ఏం చేయాలో చెప్పే జాతీయ ప్రణాళిక మనకు 1996 నుంచి ఉంది, దాన్ని నడిపే బాధ్యత కోస్ట్ గార్డుది. అదే ఏడాది వచ్చిన రసాయన ప్రమాదాల నియమాలు జిల్లాకొక సంక్షోభ బృందాన్ని, పరిశ్రమల ప్రాంతాలకు స్థానిక బృందాలను ఏర్పాటు చేశాయి. పత్తిచేల మధ్య పోయే రైలుకట్టకు, మూడు రాష్ట్రాలు పంచుకునే నదికి అంతే స్పష్టమైన ఏర్పాటు కావాలి. రైల్వే తన ప్రతి మోరీకీ నంబరు వేసి పెట్టుకుంది. ఆ మోరీ కింది నీరు ఎటు పోతుందో రైతుకు తెలుసు. ఈ రెంటినీ ఒకే పటం మీద ఎక్కించి స్టేషను మాస్టరుకూ గ్రామ పంచాయతీకీ సుంకేసుల గేట్ల దగ్గరి సిబ్బందికీ ఇవ్వాలి. పంచాయతీ గదిలో పైపులు, ఖాళీ గోనెసంచులు, పత్తి దిండ్లు, తొడుగులు ఉంచాలి. రైల్వే తొలకరికి ముందు కట్టలు, మోరీలు తనిఖీ చేసే రోజుల్లోనే ఊరి దళంతో ఒకసారి కట్ట వేయించాలి, ఆ రోజుకు కూలి ఇవ్వాలి. ఆ ఖర్చు చమురు పంపేవాళ్ళదీ మోసేవాళ్ళదీ. కాలుష్యం చేసినవాడే భరించాలనీ, ముందుజాగ్రత్త ధర్మమనీ 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం చెప్పనే చెప్పింది. ముందుజాగ్రత్త అంటే ఏమిటో గిల్లేసూగూరు కాలువగట్టు మీద అర్థమవుతుంది. నీటిని అడ్డగించడం తెలిసినవాళ్ళ పేర్లు ప్రమాదానికి ముందే ప్రభుత్వం దగ్గర రాసి ఉండాలి.