కిరాణం చిట్టీలో కోత

నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లను ఈ మధ్య తప్పకుండా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "నెలకు పప్పు ఎన్ని కిలోలు తెస్తరమ్మా? మంచినూనె ఎన్ని ప్యాకెట్లు?" కామారెడ్డిలోనైనా, వారానికోసారి వెళ్లే ఎల్లారెడ్డిలోనైనా ముందు నవ్వు వస్తుంది. నాడి పట్టుకోవాల్సిన సారు కిరాణం లెక్క ఎందుకు అడుగుతున్నాడని వాళ్ల అనుమానం. నాకు మాత్రం ఆ లెక్కలో సగం రోగం కనబడుతుంది. ఖర్చు తగ్గించుకోని ఇల్లు మా వైపు లేదు. ఆ తగ్గింపు ఏ సరుకు మీద పడింది, ఎవరి తలెలో పడింది అన్నదే నేను తెలుసుకోవాలి.

తగ్గించుకోక తప్పని రోజులే ఇవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే పొద్దుతిరుగుడు నూనె ధర ఎట్లా ఎగిసిందో ఇక్కడి ఇల్లాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచితే దసరా, దీపావళి పిండివంటల ముందే మళ్లీ పెరిగింది. ఇంటాయన దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే, పంపిన డబ్బులో ముందు వీసాకు తెచ్చిన అప్పు మిత్తి పోతుంది. బీడీలు చుట్టే ఇంట్లో నెలకు ఎన్ని రోజులు పని ఇస్తారో ఖార్ఖానా చేతిలో ఉంటుంది. మిగిలిన దాంట్లోనే నెల గడవాలి. అప్పుడు ఇల్లాలు కిరాణం చిట్టీ తీసుకుని ఒక్కో పేరు కొట్టేస్తూ పోతుంది.

మొదట కొట్టేసేది కందిపప్పు. ఎన్నో ఇళ్లలో ఇదే చూశాను. "పప్పు పిరమైంది సారూ, పచ్చిపులుసుతోని ఎల్లదీస్తున్నం" అన్న మాట వినని వారం లేదు. నూనె తగ్గదు, చాయ్‌పత్తా తగ్గదు, చక్కెర తగ్గదు. పప్పు రెండు కిలోల నుంచి ఒకటికి, ఒకటి నుంచి అరకిలోకు దిగుతుంది.

దీనికి వెనక ఒక చరిత్ర ఉందని నా నమ్మకం. 1922 నాటికి పోచారం చెరువు, 1931 నాటికి నిజాంసాగర్ కట్టడం పూర్తయింది. కాలువ పారిన చోట వరి వచ్చింది, చెరుకు వచ్చింది. తర్వాత బోర్లు పడ్డాక కాలువ అందని మెట్ట కూడా మడి అయింది. కామారెడ్డి బెల్లానికి పేరు రావడం ఈ నీళ్ల చలవే, దాన్ని తక్కువ చేయను. అయితే అంతకుముందు జొన్న చేనులో కంది సాళ్లు ఉండేవి, పెసర ఉండేది, గట్టు మీద అనుములు పాకేవి. పప్పు అప్పుడు కొనే సరుకు కాదు, చేనులోంచి ఇంటికి వచ్చేది. వరి మడిలో కంది సాలు పడదు. అన్నం ఇంట్లో మిగిలింది, పప్పు దుకాణానికి పోయింది. దుకాణానికి పోయిన సరుకుకు ధర పెరిగిన రోజున కోత తప్పదు.

లింగంపేట దాటాక ఉన్న ఒక ఊరి నుంచి వచ్చిన ఒకామె గురించి చెప్పాలి. ముప్పై దాటి కొన్నేళ్లు ఉంటాయి. మెట్లెక్కితే దమ్ము వస్తోందని, కళ్లు తిరుగుతున్నాయని వచ్చింది. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. గోళ్లు పలచబడి మధ్యలో గుంటలు పడ్డాయి. హిమోగ్లోబిన్ 7.2. నెలసరి గురించి, నులిపురుగుల గురించి అడగాల్సినవన్నీ అడిగాను, పరీక్షలు రాశాను. తర్వాత చిట్టీ అడిగాను. పొద్దున కిరాణంలో ఇచ్చి వచ్చిందే, మడత పెట్టి సంచిలో ఉంది. కొడుకు నోటుబుక్కులోంచి చింపిన కాయితం, వాడి చేతిరాతే. మంచినూనె 6. చక్కెర 5 కిలోలు. చాయ్‌పత్తా అరకిలో. ఉప్పు 2. చింతపండు కిలో. కందిపప్పు అని రాసి ఎదురుగా 1 పెట్టి, దాన్ని దిద్ది అర చేశారు. కింద సబ్బులు, షాంపూ పొట్లాలు, బిస్కెట్లు.

ఇంట్లో నలుగురు. ఆమె, అత్త, ఇద్దరు పిల్లలు. ఆయన మస్కట్‌లో.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ఒకటుంది. సగటు మనిషికి రోజుకు గింజధాన్యాలు 250 గ్రాములు, నూనె 27 గ్రాములు, పప్పు, గుడ్డు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు. దాన్ని నలుగురికి, నెలకు లెక్క కట్టి ఆమె చిట్టీ పక్కనే రాశాను. బియ్యం, జొన్నలు కలిపి 30 కిలోలు. నూనె మూడున్నర ప్యాకెట్లు. పప్పూ గుడ్డూ మాంసం కలిపి 10 కిలోలు. పిల్లలకు కొంత తక్కువే సరిపోతుందనుకున్నా తేడా దాచుకునేది కాదు. నూనె అవసరానికి దగ్గర దగ్గర రెట్టింపు ఉంది. పది కిలోలు ఉండాల్సిన చోట అరకిలో పప్పు, ఆదివారం వస్తే కొంచెం కోడికూర. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు దాటొద్దంటారు. నలుగురికి నెలకు 600 గ్రాములు. ఆమె రాయించింది రెండు కిలోలు.

"ఉత్త అన్నం పోదు గద సారూ, తొక్కో పులుసో ఉంటెనే నోట్లెకు పోతది" అంది. పప్పు తగ్గిన ఇంట్లో ఉప్పూ కారం నూనె పెరగడానికి కారణం ఆ ఒక్క మాటలో ఉంది. ఆమె బీడీలు చుడుతుంది. చేట ముందు పొద్దంతా వంగి కూర్చునే మనిషి, ఆకలైనప్పుడల్లా చాయ్ తాగుతుంది. అన్నం తిన్న వెంటనే కూడా చాయే. తిండిలో ఉన్న కొద్దిపాటి ఇనుమును కూడా ఒంటికి పట్టకుండా చేసేది ఆ చాయే. ఈ సంగతి చెప్తే ఆమె నమ్మలేనట్టు చూసింది. ఆకలిని ఓర్చుకునేందుకు ఆమెకున్న ఆసరా అదొక్కటే మరి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం. ఈ అంకెలు నాకు పుస్తకంలోవి కావు. ఓపీలో వరసగా కూర్చున్న వాళ్ల మొహాలవి.

మా ఊరు బెల్లానికి పెట్టింది పేరు కాబట్టి బెల్లం గురించి కూడా చెప్పాలి. "రోజూ బెల్లం ముక్క తింటున్న, రక్తం పడతది గద" అని చాలామంది అడుగుతారు. బెల్లంలో ఇనుము ఉంది, కాదనను. తినే ఆ చిన్న ముక్కలో వచ్చేది మాత్రం చాలా కొంచెం. ఏడు దగ్గర ఉన్న రక్తాన్ని అది పైకి లేపలేదు, దానికి గోలీ పడాల్సిందే. అదే బెల్లాన్ని వేయించిన గోధుమలు, శనగపప్పు, పల్లీలతో కలిపి పొడి కొడితే పిల్లలకు బలమైన తిండి అవుతుంది. పోషకాహార సంస్థ వాళ్లు ఎప్పుడో తయారుచేసి హైదరాబాద్ మిక్స్ అని పేరు పెట్టింది దీన్నే. నాలుగూ మా ఏ దుకాణంలోనైనా దొరికేవే.

డబ్బు ఎంత ఉందన్నదానితో పాటు అది చేతికి ఎప్పుడు వస్తుందన్నదీ చూడాలి. కిరాణంలో ఉద్దెర నడుస్తుంది, ఖాతాలో రాసుకుంటారు. అంగడిలో కూరగాయలామె ఉద్దెర ఇవ్వదు, ఇవ్వలేదు, ఆమె పెట్టుబడి రోజుదారీ. గుడ్లూ పాలూ చాలా చోట్ల రొక్కమే. కాబట్టి చేతిలో పైసలు లేని పదిహేను రోజులూ ఇల్లు ఖాతా మీద దొరికే వాటితో నడుస్తుంది. అంటే నూనె, చక్కెర, చాయ్‌పత్తా, బిస్కెట్లు. తోటకూర కట్ట కొనడానికి పది రూపాయలు లేని ఇంటికి నూనె ప్యాకెట్లు మాత్రం వస్తుంటాయి. ఈ సంగతి గమనించాక "ఆకుకూరలు బాగా తినండి" అని ఊరికే చెప్పి పంపడం మానేశాను. డబ్బు వచ్చిన రోజే అంగడి పైసలు వేరే డబ్బాలో పెట్టమని, ఖాతాకు మిగిలింది కట్టమని చెప్తున్నాను. కొందరు చేస్తున్నారు.

పిల్లల చిల్లర ఇంకో లెక్క. రోజూ ఒక్కొక్కరికి పది రూపాయలు, రంగురంగుల ప్యాకెట్ కోసం. ఇద్దరు పిల్లలకు నెలకు ఆరు వందలు. ఇది చిట్టీలో ఎక్కదు కాబట్టి ఎవరికీ ఖర్చులా కనబడదు. ఆరేడు రూపాయల గుడ్డు లెక్కన దాదాపు తొంభై గుడ్లు. ఒక తండ్రికి ఈ లెక్క చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "పిల్లలు ఏడుస్తరు సారూ" అన్నాడు. నిజమే, ఏడుస్తారు. బొబ్బెర్ల గుడాలు, ఉడికించిన పల్లీలు ఇంట్లో చేసి పెట్టే వాళ్లుంటే కొన్నాళ్లకు మానుతారు. పొద్దంతా కూలికి పోయే తల్లికి ఆ తీరిక ఎక్కడిదని అడిగితే నా దగ్గర తేలికైన జవాబు లేదు.

కోత తిండి దగ్గరే ఆగదు. ఒక పెద్దాయన ఖర్చు తగ్గించాలని బీపీ గోలీలు దినం తప్పి దినం వేసుకున్నాడు. ఆదా అయింది నెలకు వందో నూట యాభయ్యో. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. ఆ గోలీలు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు. పోయి అడగాలంటే కూలి పోతుందని పోలేదట. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

రేషన్ బియ్యం విషయం మాత్రం వివరంగా రాయాలి. బియ్యంలో పోషకాలు కలిపిన గింజలు కలపడం మొదలైన కొత్తలో ఎల్లారెడ్డిలో ఒక అవ్వ కొంగున కట్టుకుని పిడికెడు గింజలు తెచ్చింది. "ప్లాస్టిక్ బియ్యం సారూ, నీళ్లల్ల పోస్తె తేలుతున్నయి. పిల్లలు తింటరని ఏరి పారబోస్తున్న" అంది. బల్ల మీద కాయితం పరిచి పోసింది. మామూలు గింజ కన్నా కొంచెం పసుపుగా, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజ ఆకారంలో ఒత్తిన బియ్యం అవి. వంద గింజలకు ఒకటి చొప్పున కలిపేవారు. ఆమె మనవరాలికి నేను రాసి ఇచ్చిన గోలీల్లో ఉన్నవే ఆ గింజల్లోనూ ఉన్నాయి. వాటిని చేటలో వేసి, కళ్లద్దాలు పెట్టుకుని, గంటసేపు కూర్చుని ఒక్కొక్కటే ఏరి అవతల పారేసింది ఆ అవ్వ. పిల్లల మీద ప్రేమతోనే చేసింది. సంచి చేతికిచ్చిన వాళ్లెవరూ ఒక్క మాట చెప్పలేదు. రేషన్ దుకాణం ముందు ఒక్క బోర్డు పెట్టి, నాలుగు రోజులు నోటితో చెప్పి ఉంటే సరిపోయేది.

అప్పట్లో దొడ్డు బియ్యం తినలేక తక్కువకు అమ్ముకుని, పైన డబ్బు వేసి సన్నవి కొనుక్కునే వాళ్లు చాలామంది ఉండేవారు. పప్పు డబ్బు కొంత అక్కడ కరిగిపోయేది. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. బియ్యం ఖర్చు తగ్గిన ఇళ్లు చాలా ఉన్నాయి. మిగిలింది పప్పు మీదకు మళ్లిందా అని అడుగుతున్నాను. కొన్ని ఇళ్లలో మళ్లింది. చాలా ఇళ్లలో ఫోన్ కిస్తీకి పోయింది.

మళ్లీ ఆ లింగంపేట దిక్కు ఆమె సంగతికి వస్తాను. గోలీలు సరిగ్గా వేసుకుంది, చాయ్ తగ్గించింది, చిట్టీలో పప్పు రెండు కిలోలు చేసింది, గుడ్లు రాయించింది. రెండు నెలలకు రక్తం 8.1 అయింది. నేను అనుకున్నంత రాలేదు. గుడ్డు ఎవరు తింటున్నారని అడిగితే తల వంచుకుంది. కొడుకు. పప్పు? పిల్లలు, అత్త తిన్నాక గిన్నె అడుగున మిగిలింది ఆమెకు. సరుకు ఇంటికి రావడం ఒక ఎత్తు, ఆమె తలెలోకి రావడం ఇంకో ఎత్తు. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మిలో గర్భిణులకు, బాలింతలకు అన్నం, పప్పు, గుడ్డు, పాలు అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి పెట్టాలని నియమం ఎందుకు పెట్టారో ఊళ్లో పనిచేసే ఎవరికైనా తెలుసు. ఇంటికి ఇస్తే ఆమె తినదు. కడుపుతో లేని, బాలింత కాని ఆడదానికి మాత్రం అట్లా కూర్చోబెట్టి పెట్టే చోటు ఏదీ లేదు.

మరుసటిసారి అత్తను వెంట తెమ్మన్నాను. కోపంగానే వచ్చింది. కోడలికి తిండి పెట్టట్లేదని సారు నింద వేస్తున్నాడని ఆమె అనుకుంది. "మా అత్త నాకు గిట్లనే పెట్టె. మొగోళ్లు, పిలగాండ్లు తిన్నంకనే మేం తిన్నం" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె పెదాలు కూడా పాలిపోయి ఉన్నాయి. ఆమెకూ పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 8.6. కోడలి కాయితం, తన కాయితం పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలాసేపు చూసింది. చదువు రాదు, అంకెలు తెలుసు.

"ఇద్దరికి కలిపి ఎన్ని గుడ్లు రాయిస్తె అయితది?" అని అడిగింది.

గోలీలు ఇద్దరూ వేసుకోవాల్సిందే, గుడ్డు ఒక్కటే రక్తం పెంచదని ముందు చెప్పాను. ఆ పైన ఇద్దరికీ దినం తప్పి దినం గుడ్డు, నెలకు ముప్పై. రెండు వందల చిల్లర. నూనె ఆరు ప్యాకెట్ల నుంచి నాలుగుకు తెస్తే మూడు వందల దాకా మిగులుతుంది. గుడ్లకు పోగా ఉన్న దాంట్లో ఎర్రపప్పు ముప్పావు కిలో అయినా వస్తుంది. కోడలు కాయితం మీద రాసుకుంది. అత్త ముప్పై కింద గీత పెట్టమంది.