రక్తపింజర కాటు, గాజు గొట్టంలో 20 నిమిషాలు

నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతాలలో వైద్యుడిగా పనిచేసిన కాలంలో, తొలకరి పడిందంటే పాముకాటు రోగులు వస్తారని మాకు తెలిసేది. పత్తి, ఆముదం, వేరుశనగ చేలలో ఎలుకలుంటాయి. ఎలుకల వెంట రక్తపింజర ఉంటుంది.

కాటు వేసిన చోట బ్లేడుతో కోసుకుని వచ్చేవారు పలువురు. "రక్తం కారితే ఇసం పోతది గద సారూ" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు సమాధానం ఈ విషం పనిచేసే తీరులోనే ఉన్నది.

రక్తపింజర విషం మొదట రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. అందులోని ఎంజైములు మన రక్తంలోని ఐదవ, పదవ ఘటకాలను ఉత్తేజపరచి, గడ్డకట్టే క్రియను శరీరమంతటా ఒకేసారి మొదలుపెడతాయి. తొలి వానకే గింజలన్నీ చల్లేసిన రైతుకు మలి వానకు విత్తనం మిగలనట్లు, గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ త్వరలోనే హరించుకుపోతుంది. మరికొన్ని ఎంజైములు రక్తనాళాల గోడలను దెబ్బతీస్తాయి. గోడ బలహీనమై, గడ్డకట్టే శక్తి కూడా పోయిన తరువాత చిగుళ్ల నుండి, మూత్రంలో రక్తం కనబడుతుంది, మూత్రపిండాలు చెడవచ్చును. అటువంటి స్థితిలో కోసిన గాయం నుండి విషం పోదు. రక్తం మాత్రం ఆగదు.

1796లో ప్రచురితమైన తన గ్రంథంలో ప్యాట్రిక్ రస్సెల్ ఈ పామును 'కాటుక రేకుల పొడ' అన్న తెలుగు పేరుతోనే వర్ణించాడు. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన ఆయన పేరే ఇంగ్లీషులో దీనికి స్థిరపడింది. 1934లో ఇంగ్లండులో మాక్‌ఫర్లేన్, బార్నెట్ ఇదే విషాన్ని బాగా పలుచన చేసి, హీమోఫిలియా రోగుల గాయాలపై పూసి రక్తస్రావాన్ని ఆపవచ్చునని చూపారు. 1964లో రక్తం గడ్డకట్టడం ఒక ఘటకం మరొకదానిని మేల్కొలిపే వరుసక్రమమని వివరించినవారిలో ఆ మాక్‌ఫర్లేన్ ఒకరు. నేటికీ కొన్ని రక్త పరీక్షలలో ఈ విషాన్ని వాడుతున్నారు.

చిన్న ఆసుపత్రిలో మాత్రం శుభ్రమైన, పొడి గాజు గొట్టం ఒకటి చాలు. సిర నుండి తీసిన రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని అందులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూస్తాము. నీళ్లవలె జారితే విషం రక్తానికి ఎక్కినట్లే. గాజు తాకిడియే గడ్డకట్టే క్రియను ప్రారంభిస్తుంది కనుక ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. మొదట గడ్డకట్టినంత మాత్రాన నిశ్చింతగా ఇంటికి పోరాదు. పరీక్షను మళ్లీ చేయవలసి ఉంటుంది. పైగా నాగుపాము, కట్లపాము విషాలు ప్రధానంగా నరాలపై పనిచేస్తాయి. వాటిని ఈ పరీక్ష పట్టదు.

మన దేశంలో తయారయ్యే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ పనిచేస్తుంది. మందు ఇచ్చిన ఆరు గంటలకు గొట్టం పరీక్షను మళ్లీ చేస్తాము. కాలేయం కొత్త ఘటకాలను తయారుచేయడానికి సుమారు అంత సమయం పడుతుంది. అందువలన రోగిని తొందరగా తీసుకుపోవద్దని బంధువులకు నా మనవి.

కాటు పడితే ఉంగరాలు, కడియాలు తీసివేయండి. కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కాలో చెయ్యో కదలకుండా కర్ర దన్నుగా పెట్టి 108కి ఫోను చేయండి. మంత్రం వేయించడానికి పోయే గంటలో విరుగుడు మందు ఒంట్లోకి చేరవచ్చును.