ఏనుగుకు సెలవుంది, అమ్మకు లేదు

మా అమ్మకు రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. బీపీ అంతకు ముందునుంచే ఉంది. ''కర్కిడకంలో ఒకసారి తీసుకురా, మా ఊళ్లో అందరూ ఒంటిని బాగుచేసుకునే నెల అది'' అని హైదరాబాద్‌లో నాతోపాటు ఎం.ఏ. చదివిన మలయాళీ మిత్రుడు ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. 2025 జులై మూడోవారంలో విజయవాడలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అమ్మ కదిలింది వైద్యం మీద నమ్మకంతో కాదు, ''వారం రోజులు నేను చూసుకుంటాలే'' అని నాన్న మాటిచ్చినందుకు. నాకు ఊహ తెలిశాక ఆమె వంటింటిని అన్ని రోజులు వదిలిపెట్టడం అదే మొదటిసారి.

ఒట్టపాలం దగ్గర భారతపుళ ఒడ్డున మిత్రుడి ఊరు. మేం దిగేసరికి వాన. జులై మధ్యనుంచి ఆగస్టు మధ్యవరకు ఉండే కర్కిడకం మలయాళ సంవత్సరంలో ఆఖరి నెల. ఓణం పంట చేతికి రాకముందు గాదెలు ఖాళీ అయ్యే రోజులివి. అందుకే పాతతరం దీన్ని 'పంజ కర్కిడకం' అంటుంది. అంటే కరువు నెల. 2018 ఆగస్టు వరదలు, 2024 జులై 30న వయనాడ్‌లో ఊళ్లను మింగేసిన కొండచరియలు ఈ నెలలో జరిగినవే. ఇక్కడ వానంటే ముచ్చటే కాదు, భయం కూడా.

ఈ నెలలో సాయంత్రం దీపం పెట్టి ఎళుత్తచ్చన్ అధ్యాత్మ రామాయణం చదువుతారు. నవర బియ్యం, మెంతులు, జీలకర్ర, మూలికలు, కొబ్బరిపాలు వేసి గంజి కాచుకుంటారు. నవర దాదాపు 60 రోజుల్లో చేతికొచ్చే పాతకాలపు వరి. చేమ, కంద, గుమ్మడి, బూడిద గుమ్మడి... ఇలా పది రకాల ఆకులు కోసి కూర చేస్తారు. లేమి రోజుల్లో పెరట్లో దొరికిందే మందయింది. కేరళ వైద్యులు ప్రమాణంగా పాటించే వాగ్భటుడి అష్టాంగ హృదయం కూడా వానాకాలంలో జీర్ణశక్తి మందగిస్తుందని చెబుతుంది.

రెండోరోజే చిన్న పేచీ వచ్చింది. ఇంకా ఆషాఢం వెళ్లలేదు కదా అని అమ్మ పెరట్లో మునగాకు కోయబోయింది. ఆషాఢంలో మునగాకు తినకపోతే మా ఇంట్లో ఊరుకోరు. మిత్రుడి తల్లి పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. ఈ నెలలో మునగాకులో విషం చేరుతుందని వాళ్ల నమ్మకం. ''అదేంటి వదినగారూ, మేం తినేదే ఇప్పుడు'' అని అమ్మ తెలుగులో, ఆవిడ మలయాళంలో కాసేపు వాదించుకున్నారు. చివరికి ఇద్దరూ నవ్వేశారు. ఒకే ఆకు, ఒకే వానాకాలం. అక్కడ మందు, ఇక్కడ నిషేధం. ప్రకృతి వైద్యం దేశమంతటికీ ఒకటేనని ఇకపై ఎవరైనా అంటే నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది.

వైద్యుడు మోకాళ్లు చూసి అడిగిన మొదటి ప్రశ్న, ''ఎన్నింటికి లేస్తారు?'' నాలుగున్నరకు. పడుకునేది? పదకొండుకు. ''నూనె నేనిస్తాను. విశ్రాంతి మాత్రం మీవాళ్లివ్వాలి'' అన్నాడాయన. కషాయం మొదలైంది కదా అని అమ్మ రెండు రోజులుగా బీపీ మాత్ర మానేసిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఆయన గట్టిగా కోప్పడ్డాడు. కషాయం దేనికీ బదులు కాదనీ, మాత్ర ఇచ్చిన డాక్టర్‌ను అడగకుండా ఆపకూడదనీ చెప్పాడు. నాకు చెమటలు పట్టాయి. పక్కనే ఉండి నేనూ గమనించలేదు.

పట్నంలో గంజి ఇప్పుడు ప్యాకెట్లలో దొరుకుతోంది. నూనె మర్దన 7, 14, 21 రోజుల ప్యాకేజీలుగా అమ్ముతున్నారు. ప్యాకెట్‌లో పెట్టలేనిది వైద్యుడు చెప్పిన ఆ విశ్రాంతే. మిత్రుడి ఇంట్లోనే చూశాను. అందరికీ గంజి కాచి వడ్డించే అతని తల్లి అందరి తర్వాతే తాగుతుంది. ఆవిడకు మర్దన ఎవరూ చేయరు. అది గమనించినప్పటినుంచి అమ్మ మంచంమీద నిలవలేదు. కొబ్బరి తురమడానికి వెళ్లి కూర్చునేది.

తిరిగొచ్చే ముందురోజు గురువాయూర్ దేవస్థానం ఏనుగులుండే పున్నత్తూర్ కోటకు వెళ్లాం. ఏటా జులైలో వాటికి నెలరోజుల సుఖచికిత్స. అన్నం, పెసలు, రాగులు, చ్యవనప్రాశ కలిపి ముద్దలు పెడతారు. ఊరేగింపుల పని తగ్గే కాలం అది. అమ్మ చాలాసేపు చూసి, ''వీటికే నయం, నెల సెలవు'' అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతి హక్కు గురించే. పరీక్షకు బట్టీపట్టాను కానీ, మా ఇంట్లో అది ఎవరికి వర్తిస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంటికొచ్చాక అమ్మ మోకాళ్లు కొంత తేలికపడ్డాయి. నూనె వల్లో, వంటగట్టు ముందు నిలబడని ఆ వారం వల్లో చెప్పలేను. నాన్న కాఫీ కలుపుకోవడం నేర్చుకున్నారు. మేం తెచ్చిన నవర బియ్యం ప్యాకెట్ మాత్రం అలమరలో విప్పకుండానే ఉంది. గంజి ఎవరు కాచాలన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.