అయిదు మీటర్ల మర్యాద

అంటార్కిటికా వెళ్ళొచ్చారటగా, మరి ఆ పెద్ద పెంగ్విన్‌ని చూశారా అని అడుగుతారు అందరూ. పెద్ద పెంగ్విన్ అంటే వాళ్ళ ఉద్దేశం ఎంపరర్. మంచు తుపానులో గుంపుగా నిలబడి, కాళ్ళ మీద గుడ్డు పెట్టుకుని, రెండు నెలలపాటు తిండి ముట్టకుండా పొదిగే మగ పక్షి. 2005లో వచ్చిన ‘మార్చ్ ఆఫ్ ది పెంగ్విన్స్’ సినిమా దాన్ని లోకానికంతా ఆత్మీయుణ్ణి చేసేసింది. కానీ అది గుడ్డు పొదిగేది అక్కడి నడి చలికాలంలో. మన యాత్రికుల ఓడలు వెళ్ళేదేమో వేసవిలో, అంటార్కిటిక్ ద్వీపకల్పం వైపు. అక్కడ ఎంపరర్ కనబడితే అది అపురూపమే. లక్షలు పోసి వెళ్ళాక ఉసూరుమనకూడదని ముందే చెబుతున్నాను.

మరి ఎవరు కనిపిస్తారు? ముఖ్యంగా ముగ్గురు. కంటి చుట్టూ తెల్లటి వలయం ఉంటే అడేలీ. గడ్డం కింద సన్నటి నల్లగీత ఉంటే చిన్‌స్ట్రాప్. నారింజరంగు ముక్కు, నెత్తిన ఈ కన్ను నుంచి ఆ కన్ను దాకా తెల్లటి పట్టీ ఉంటే జెంటూ. నా మనసు దోచుకున్నది ఈ జెంటూనే. దాని సంగతికి వస్తాను, ముందు మనం అక్కడికి చేరాలి కదా.

అర్జెంటీనా దక్షిణపు కొసన ఉషువాయా అని ఒక రేవు పట్టణం ఉంది. ఈ ఓడల్లో చాలా భాగం అక్కడినుంచే కదులుతాయి. సాయంత్రం బయల్దేరి బీగిల్ చానల్‌లో కొండల మధ్యనుంచి సాఫీగా సాగిన ఓడ, రాత్రి ఏ జాముకో డ్రేక్ జలసంధిలో పడుతుంది. వెడల్పు దాదాపు 800 కిలోమీటర్లు. ఆ అక్షాంశాల్లో భూగోళం చుట్టూ తిరిగొచ్చినా గాలికి, కెరటానికి అడ్డంగా నేలన్నదే తగలదు. అందుకే అక్కడ సముద్రానికి అంత పొగరు. దాటడానికి సుమారు రెండు రోజులు. కడుపులో దేవే స్వభావం ఉంటే డాక్టరుగారినడిగి మాత్ర ముందే వేసుకోండి. ఓడ ఊగడం మొదలయ్యాక వేసుకుంటే ఆ మాత్ర లోపల నిలవదు.

ఈ రెండు రోజులూ దండగనుకుని చాలామంది కాబిన్‌లో ముసుగుతన్ని పడుకుంటారు. వద్దండీ. కాస్త నిలదొక్కుకోగానే ఓడ వెనకవైపు డెక్ మీదికి రండి. అక్కడ వాండరింగ్ ఆల్బట్రాస్ మీకోసం కాచుకుని ఉంటుంది. రెక్కలు చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకి మూడు మీటర్ల పైమాటే. ఎంతసేపు చూసినా ఆ రెక్క ఒక్కసారైనా ఆడదు! నీటికి దగ్గరగా గాలి నెమ్మదిగా ఉంటుంది, పైకెళ్ళేకొద్దీ జోరెక్కుతుంది. ఆ పక్షి గాలికి ఎదురెక్కి పైకి లేస్తుంది, అక్కడ ఒక్క మలుపు తిరిగి గాలివాటున జారుతుంది, కెరటం మీదికి రాగానే మళ్ళీ లేస్తుంది. చాచిన రెక్కను అలాగే పట్టి ఉంచడానికి భుజం దగ్గర ఒక స్నాయువు గొళ్ళెంలా బిగుసుకుంటుంది కాబట్టి రెక్కకి శ్రమ లేదు. నేను డెక్ కమ్మీ పట్టుకుని చేతులు కొంకర్లు పోయేదాకా చూశాను. ఇంతకన్నా హాయిగా బతికే ప్రాణి ఉంటుందా అనిపించింది.

నేల కనబడకముందే ఓడలో ఒక తతంగం ఉంటుంది. ప్రయాణికులందరూ బయటికి తొడుక్కునే కోట్లు, సంచులు, కెమెరా పెట్టెలు, చేతికర్రలు పట్టుకుని వరసలో నిలబడాలి. గైడ్లు వాక్యూమ్ క్లీనర్లు పెట్టుకుని జేబు జేబునీ తిరగేసి దులుపుతారు. అసలు గండం జేబులు కాదు, వెల్‌క్రో పట్టీలు. మనం ఎక్కడో పొలం గట్టున నడిచినప్పుడు అంటుకున్న గడ్డిగింజ ఆ నూగులో ఏళ్ళతరబడి దాక్కుంటుంది. నా ముందున్న పెద్దావిడ కోటు చేతిమడత దగ్గర గైడు పిల్ల గుండుసూదితో కెలికి కెలికి ఒక గోధుమరంగు గింజ బయటికి లాగింది. నువ్వుగింజంత కూడా లేదు. దాన్ని అరచేతిలో పెట్టి ఆవిడకి చూపించింది. వరసలో ఉన్నవాళ్ళందరం మెడలు సాచి చూశాం. అంతవరకు విసుగ్గా నిలబడ్డవాళ్ళు కూడా ఆ తర్వాత తమ జేబులు తామే తిరగేసుకోవడం మొదలుపెట్టారు.

ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? ఆ ఖండం మొత్తానికి సొంతంగా పూలు పూసే మొక్కలు రెండంటే రెండే. ఒకటి గడ్డి, ఇంకోటి నాచులాగా నేలకి అంటుకుని పెరిగే చిన్న మొక్క. మనుషుల కాళ్ళవెంట వచ్చిన పోవా ఆన్యువా అనే పరాయి గడ్డి కింగ్ జార్జ్ దీవిలో ఇప్పటికే పాగా వేసింది. దాన్ని పీకించడానికి శాస్త్రజ్ఞులు నానా తంటాలు పడుతున్నారు.

ఓడ ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఎంతమంది ప్రయాణికులు? 1991లో ఏడు యాత్రా సంస్థలు కలిసి ఐఏఏటీఓ అనే సంఘం పెట్టుకున్నాయి. దాని కట్టుబాట్ల ప్రకారం 500 మందికి మించి ఎక్కిన ఓడ ఎవరినీ ఒడ్డున దింపకూడదు. చిన్న ఓడలైనా ఒక చోట ఒకేసారి 100 మందినే దింపాలి. 200 మంది ఉన్న ఓడైతే సగంమంది ఒడ్డున ఉంటే మిగతా సగం పడవల్లో తిరుగుతూ ఎదురుచూడాలి. అదే 100 మంది లోపు ఓడైతే అందరూ ఒకేసారి దిగొచ్చు, ఎక్కువసేపు ఉండొచ్చు. స్విమ్మింగ్ పూలు, ఏడు రకాల భోజనశాలలు మనకెందుకండీ? ఒడ్డున గడిపే గంటలే ఈ యాత్రకి ప్రాణం.

జోడియాక్ అనే రబ్బరు పడవలో దించుతారు. ఇంకా ఒడ్డు చేరకుండానే వాసన ఎదురొస్తుంది. చేపల బజారులో ఎండు రొయ్యపొట్టు బస్తా విప్పినప్పుడు గుప్పుమంటుందే, అచ్చం అదే నీచు. పెంగ్విన్ల తిండి చాలావరకు క్రిల్ అనే రొయ్యల్లాంటి చిట్టి ప్రాణులే కాబట్టి రెట్ట కూడా గులాబిరంగులోనే ఉంటుంది. తెల్లటి మంచు మీద పెంగ్విన్లు ఎక్కడున్నాయో ఆ గులాబి మరకల్ని బట్టే దూరంనుంచి పోల్చుకోవచ్చు.

దిగేముందు, ఎక్కేముందు బూట్లు మందునీళ్ళలో ముంచాలి. బర్డ్ ఫ్లూ ఆ వైపుకీ పాకడంతో ఇప్పుడు ఇంకో నియమం చేరింది: నేలమీద కూర్చోకూడదు, మోకాళ్ళూనకూడదు, సంచి కింద పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ జంతువుకైనా కనీసం అయిదు మీటర్ల దూరంలో ఉండాలి. ఫర్ సీల్ అయితే పదిహేను. ఈ నియమం మనకే, పెంగ్విన్‌కి కాదు. అది తనంతట తాను మన దగ్గరికి రావచ్చు. వస్తుంది కూడా.

కూవర్‌విల్ దీవిలో జెంటూల గుంపు దగ్గర ఒక్కచోటే నిలబడ్డాను. తోటివాళ్ళు గుట్ట ఎక్కి ఫొటోలు తీసుకోవడానికి వెళ్ళారు. నేను కదల్లేదు. నా ఎదురుగా ఒక గూడు, అంటే గులకరాళ్ళ కుప్ప. ఒక పక్షి దానిమీద బోర్లా పడుకుని ఉంది. దాని జోడు నీటి అంచుదాకా నడిచి, పది రాళ్ళు చూసి, తొమ్మిది వదిలేసి, ఒకదాన్ని ముక్కున కరుచుకుని తూలుకుంటూ వచ్చింది. గూటిముందు తల వంచి ఆ రాయిని పెట్టింది. పడుకున్నది దాన్ని ముక్కుతో సర్దుకుని, రెండూ మెడలు చాచి ఆకాశంకేసి ఒక్క కూత పెట్టాయి. మళ్ళీ నీటి అంచుకి ప్రయాణం. ఈలోగా పక్కగూటి పెద్దమనిషి మెల్లగా మెడ చాచి ఆ కొత్త రాయిని ఎత్తుకుపోయాడు! ఇంట్లో ఉన్నదానికి తెలియనే లేదు. ఆ రాళ్ళే లేకపోతే మంచు కరిగిన నీళ్ళలో గుడ్లు మునిగిపోతాయి. అందుకే ఒక్కో రాయికీ అంత విలువ.

కాసేపటికి మరొకటి నడిచొచ్చి నా బూటు మీదికి వంగి, ఒకసారి పొడిచి చూసి, ఇది రాయి కాదని తేల్చుకుని వెళ్ళిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను. దానికి మాత్రం ఏ జంకూ లేదు. దానికి శత్రువులు నీళ్ళలో ఉన్నారు, లెపర్డ్ సీల్. ఆకాశంలో ఉన్నారు, స్కువా పక్షి. నేలమీద వేటాడే జంతువు ఆ ఖండంలో లేనేలేదు. నిటారుగా నడిచొచ్చే ప్రాణికి భయపడాలని వాటికి ఎవరూ నేర్పలేదు. ఆ నమ్మకం చూస్తే నాకు సంతోషం కన్నా ముందు బాధ్యత గుర్తొచ్చింది. అయిదు మీటర్ల నియమం వెనక ఉన్నది ఇదే. వాటికి మన సంగతి తెలియదు కాబట్టి ఆ జాగ్రత్తేదో మనమే పడాలి.

మంచులో అవి నడిచి నడిచి చేసుకున్న దారులుంటాయి, లోతుగా, కాలవల్లా. ఆ దారిలో మనం అడుగు పెట్టకూడదు. అవి వస్తుంటే ఆగి దారి ఇవ్వాలి. మన బూటు మంచులో దిగబడి గొయ్యి పడితే వెంటనే పూడ్చాలి. అందులో పడ్డ పెంగ్విన్ పైకి రాలేక చచ్చిపోవచ్చు. ఇంకొక వింత చెప్పనా? చిన్‌స్ట్రాప్‌లు గుడ్లు కాస్తూ నాలుగేసి సెకన్ల కునుకులు తీస్తాయట. రోజుకి అలాంటి కునుకులు పదివేలకు పైనే, మొత్తం కలిపితే పదకొండు గంటల నిద్ర. 2023లో శాస్త్రజ్ఞులు మెదడు తరంగాలు కొలిచి చెప్పారు. అలా కునుకు తీసే పక్షి దగ్గర మనం గోలచేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

డిసెప్షన్ దీవి చూశాక నాకు మనసు కుదుటపడలేదు. అదొక అగ్నిపర్వతపు నోరు, సముద్రం లోపలికి చొరబడి రేవుగా మారింది. 1912 నుంచి 1931 దాకా నార్వేవాళ్ళ తిమింగలాల కార్ఖానా అక్కడుండేది. కొవ్వు ఉడికించి నూనె తీసిన ఇనప బాయిలర్లు, నూనె నింపిన పెద్ద పెద్ద ట్యాంకులు తుప్పుపట్టి ఇప్పటికీ నల్లటి ఇసకలో నిలబడి ఉన్నాయి. దీపాలకి, సబ్బులకి, మార్జరిన్‌కి ఆ నూనె పోయింది. సముద్రం ఖాళీ అయింది. 1986 నుంచి వ్యాపారం కోసం చేసే వేటమీద అంతర్జాతీయ నిషేధం అమల్లోకొచ్చింది. హంప్‌బ్యాక్ తిమింగలాలకైతే అంతకు ముందే రక్షణ దొరికింది. ఇప్పుడవి తిరిగొస్తున్నాయి. మా పడవ పక్కనే ఒకటి లేచి ఊపిరి వదిలితే ఆ తుంపర మొహాలమీద పడింది. భరించలేని కుళ్ళుచేపల కంపు. అయినా ఎవరూ మొహం తిప్పుకోలేదు. మునిగేముందు అది తోక ఎత్తుతుంది. తోక అడుగున ఉండే నలుపు తెలుపుల మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఆ ఫొటో తీసి హ్యాపీవేల్ అనే వెబ్‌సైట్‌కి పంపితే, అది ఇంతకుముందు ఏ దేశపు తీరంలో కనిపించిందో చెబుతారు. యాత్రికుల కెమెరాలు సైన్సుకి పనికొచ్చే చోటు ఇది.

మన దేశపు పరిశోధనా కేంద్రాలు మైత్రి, భారతి చూశారా అని కూడా అడుగుతారు. లేదండీ. అవి ఖండానికి తూర్పు వైపున, వేల కిలోమీటర్ల అవతల ఉన్నాయి. ఈ ఓడలు అటు వెళ్ళవు.

ఇక అసలు వెళ్ళొచ్చా అన్న ప్రశ్న. దీన్ని దాటేయడం నాకిష్టం లేదు. ఈమధ్య ఏటా లక్షమంది పైగా యాత్రికులు అక్కడికి వెళుతున్నారు. ఓడల పొగలోని మసి మంచుమీద పడితే ఆ మంచు ఎండని ఎక్కువగా పీల్చుకుని త్వరగా కరుగుతుంది. 2022లో వచ్చిన ఒక పరిశోధన, ఒక్కో యాత్రికుడి వాటాకి సుమారు 83 టన్నుల మంచు ముందుగానే కరిగిపోతోందని లెక్క కట్టింది. విమానాల పొగ దీనికి అదనం. మంచు తగ్గేకొద్దీ అడేలీలు ఈ ద్వీపకల్పంలో తగ్గిపోతున్నాయి, జెంటూలు దక్షిణానికి జరుగుతున్నాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఏడు ఖండాల లెక్క పూర్తి చేసుకోవడానికే అయితే వెళ్ళకండి. పక్షుల్ని, తిమింగలాల్ని గంటలకొద్దీ చూసే ఓపిక ఉంటే, చిన్న ఓడలో, జీవితంలో ఒక్కసారి వెళ్ళండి. పూలు, గాజులు మార్చినట్టు ఏడాదికో ధ్రువం చుట్టి వచ్చేవాళ్ళని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

వెళ్ళాలనే నిశ్చయించుకుంటే నెల చూసుకుని వెళ్ళండి. నవంబరులో మంచు మలినం లేకుండా ఉంటుంది, గూళ్ళు కట్టే సందడి. డిసెంబరు చివర, జనవరిలో పిల్లలు పుడతాయి. ఇంకాస్త పెద్దయ్యాక అమ్మానాన్నల వెంట తిండికోసం బురదలో పరుగులు తీస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో తిమింగలాలు ఎక్కువ. చలికి హడలిపోకండి, ఆ తీరంలో వేసవి పగలు సున్నా డిగ్రీలకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, అసలు కొరికేది గాలి. రబ్బరు బూట్లు చాలా ఓడల్లో వాళ్ళే ఇస్తారు, కొనేముందు కనుక్కోండి. చేతి గ్లౌజులు మాత్రం రెండు జతలు పట్టుకెళ్ళండి, ఒక జత మొదటి పడవలోనే తడిసిపోతుంది. కొత్త కెమెరా కోసం దాచిన డబ్బుంటే అందులో సగం పెట్టి మంచి బైనాక్యులర్స్ కొనండి.