దాద్ సరే, దామ్ ఏదీ?

మా ఇంట్లో నెల మొదట్లో కిరాణా, పిల్లల ఫీజు, అమ్మీ దవాఖానా ఖర్చు రాసుకున్నాక కింద ఇంకో లైను ఉంటుంది. 'దోస్తుల హునర్' అని రాస్తుంది మా బేగం. అందులో పెద్ద రకమేమీ ఉండదు. ఒక నెల వెయ్యి, ఒక నెల రెండు వేలు, రంజాన్ నెలలో సున్నా. ఆ పైసలు ఇత్వార్ నాడు ఖర్చయిపోతాయి. ఒక దోస్తు ఖత్తాతీ నుమాయిష్ పెడతాడు. ఒక ఆపా కార్చోబ్ బట్టలు అమ్మకానికి పెడుతుంది. ఇంకొకడు తన కవ్వాలీ పార్టీతో ఎక్కడో కూర్చుంటాడు. మేం పిల్లల్ని వెంటేసుకుని పోతాం.

"ఇత్వార్ కూడా ఇంట్లో ఉండరా మియా?" అని చుట్టాలు అడుగుతుంటారు. ఉండం. పగలంతా వండుకుని తిని పడుకుంటే మళ్లీ పీర్ వచ్చేస్తుంది, అంతే కదా.

ఈ షహర్‌లో కొదవంతా జాగాదే. ఫంక్షన్ హాలు కిరాయి కట్టగలిగినోడికి నాలుగు కాగితాలు గోడకి తగిలించి అమ్ముకునే గరజ్ ఎందుకుంటుంది? 2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ మొదలయ్యాక మావాళ్లకి కొంత సాన్స్ తీసుకునే వీలు దొరికింది. పేరు చూడండి, లా మకాన్, ఇల్లు లేనిదని. నిజానికి అదొక ఇల్లే. వెనక పెద్ద బండరాయి, దాని ముందు స్టేజీ, పక్కన చాయ్, సమోసా. మా దోస్తుల్లో సగం మంది జనం ముందు మొదటిసారి కూర్చున్నది అక్కడే. మిగతా మెహఫిళ్లు ఎవరి డాబా మీదో, ఎవరింటి దీవాన్‌ఖానాలోనో.

ఖత్తాత్ దోస్తు సంగతి ముందు చెప్పాలి. వాళ్ల అబ్బా ఛత్తా బజార్‌లో కాతిబ్. ఉర్దూ అఖ్బార్ చేత్తో రాసి అచ్చు వేసే రోజుల్లో కాతిబ్ లేనిదే పేజీ లేదు. షాదీ రుఖా అయినా, దుకాణం బోర్డయినా ఆ చేతి మీదుగానే పోవాలి. 1990లలో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. నస్తాలీక్‌ని కంప్యూటర్ మీద టైపు చేయడం తేలికైపోయింది. కాతిబ్‌లు ఒక్కొక్కరే కలం కింద పెట్టారు. మావాడి అబ్బా ఒక ప్రెస్సులో బైండింగ్ పనికి కుదిరాడు. ఇంట్లో మాత్రం పిల్లాడిని కూర్చోబెట్టి అలిఫ్ రాయించడం మానలేదు.

ఖత్తాతీలో కొలబద్ద బయట ఎక్కడా ఉండదు. కలం మొనతో పెట్టిన చుక్కే కొలత. దాన్ని నుక్తా అంటారు. ఏ అక్షరం ఎన్ని నుక్తాల పొడుగుండాలో, ఎన్ని నుక్తాల వంపు తిరగాలో అంతా హిసాబే. కలం మారితే నుక్తా మారుతుంది, దాంతోపాటు అక్షరమంతా మారుతుంది. ఇది మావాడు నా కూతురికి చెబుతుంటే పక్కన నిలబడి విన్నాను. అరగంట పట్టింది. అది మధ్యలో ఒక్కసారి కూడా ఫోన్ అడగలేదు. ఈ మధ్య వాడు అదే కలంతో తెలుగు అక్షరాలు కూడా రాస్తున్నాడు. మన గుండ్రాలకి ఆ కోసు మొన పడితే, లావూ సన్నం వచ్చి, 'ఇ' అనే అక్షరం ఊయల మాదిరిగా తయారైంది. నాకైతే అదే అన్నిటికంటే నచ్చింది.

పోయినేడు వాడు నుమాయిష్ పెట్టాడు. జనం బాగానే వచ్చారు. మాషా అల్లా, సుబ్హానల్లా, క్యా బాత్ హై! తసవీరుల పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ప్రతి ఒక్కరూ పోయేముందు ఒక మాట: "భాయ్, మా బేటీ పేరొకటి రాసివ్వరాదూ, ఊరికే చిన్నగా." వాడు కాదనలేడు. సాయంత్రం మగ్రిబ్ అయ్యాక కుర్చీలు సర్దుతూ హిసాబు చూశాం. ముఫత్‌గా రాసిచ్చిన పేర్లు ముప్పైకి పైనే. అమ్ముడైంది ఒక్క ఫ్రేము, అది మా బేగం కొన్నది. వాడు నవ్వుతూనే అన్నాడు: "దాద్ మస్తు వచ్చింది భాయ్. దామే రాలేదు."

ఆ మాట మా ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు ఎక్కడికి పోయినా పిల్లలు కూడా అదే అడుగుతున్నారు.

నాకు అర్థమైనంత వరకు మనలో ఒక ఆదత్ ఉంది. పరాయివాడి దుకాణంలో స్టిక్కర్ మీద ఎంతుంటే అంత ఇచ్చి వస్తాం. అదే మనవాడైతే "నువ్వూ నేనూ ఒకటే కదా, మాకెంతకిస్తావో చెప్పు" అంటాం. దోస్తీ పేరు మీద తగ్గించమంటాం. దోస్తీ ఉంటే రూపాయి ఎక్కువివ్వాలి గానీ ఇదేం రివాజు?

కార్చోబ్ ఆపా దగ్గర ఇది ఇంకా సాఫ్‌గా కనబడుతుంది. ఆమె మా బేగంకి కాలేజీ దోస్తు. టోలీచౌకీలో ఇంటి పైగదిలో రెండు అడ్డాలు వేసి నలుగురు కారీగర్లతో పని చేయిస్తుంది. మన ఇళ్లలో కార్చోబ్, జర్దోసీ అంటామే, దాన్నే తెలుగువాళ్లు మగ్గం వర్క్ అంటారు. ఇప్పుడు ఏ పెళ్లి జాకెట్టు చూసినా అదే. కొనేవాళ్లకి చెమ్కీలు కనబడతాయి, వెనకున్న మెహనత్ కనబడదు. ముందు డిజైన్‌ని కాగితం మీద గీసి, ఆ గీత వెంబడి సూదితో సన్నగా పొడుస్తారు. అది ఖాకా. బట్టని అడ్డా మీద తబలా మీది తోలులా బిగించి, ఖాకా పెట్టి, కిరసనాయిల్లో కలిపిన పొడిని గుడ్డతో రుద్దితే చుక్కలు కిందికి దిగుతాయి. ఇక నలుగురూ అడ్డాకి అటూ ఇటూ నేల మీద కూర్చుని, నడుం వంచి, ఒక చేయి బట్ట పైన, ఒక చేయి కింద. దబ్కా, నక్షీ, సల్మా, సితారా, ఒక్కొక్కటీ తుంచి, గుచ్చి, కుట్టి... ఖడా దుపట్టా అంటే ఆరు గజాల బట్ట. దాని నిండా బూటాలు, నాలుగు వైపులా అంచు. నలభై దాటిన కారీగర్‌ని ఎవరినన్నా అడగండి, ముందు కళ్ల గురించి చెబుతాడు, తర్వాత నడుం గురించి.

ఆపా పెట్టిన సేల్‌కి పోయినప్పుడు ఒక ఖాతూన్ దుపట్టా చేతిలోకి తీసుకుని, "కైకు ఇత్తా మహంగా? బజార్‌లో దీంట్లో సగానికి వస్తది" అంది. ఆపా కోపం చేసుకోలేదు. ఒక నోట్‌బుక్ తీసి చూపించింది. బట్టకింత, జరీకింత, కారీగర్ల రోజు కూలీ ఇంత, ఇన్ని రోజులు. తనకి మిగిలేది ఆఖరి లైను, అన్నిటికంటే చిన్న అంకె. "ఇందులో ఏ లైను కొట్టేయమంటారో మీరే చెప్పండి" అంది. ఆ ఖాతూన్ కాసేపు చూసి, దుపట్టా మడతపెట్టి, చిన్న బటువా ఒకటి పూరా దామ్ ఇచ్చి కొనుక్కుని పోయింది. అదీ మేలే.

సగం ధరకి వచ్చేది మెషీన్ పని. లేకపోతే ఎక్కడో కారీగర్ కూలీలో కోసిన సగం. ఆపా దగ్గరికి వచ్చేముందు ఆ కారీగర్లు ఒక పెద్ద బొటీక్‌కి పీసు లెక్కన పనిచేశారు. నెలలు గడిచినా హిసాబు తేలేది కాదు. వాళ్లలో ఒకాయన భాయ్ అడ్డా వదిలి ఆటో పట్టాడు. ఇంకొకాయన కొడుకు డెలివరీ బ్యాగు తగిలించుకున్నాడు. పిల్లలు ఈ హునర్ వద్దంటే తప్పు పట్టడానికి నాకైతే జబాన్ రాదు.

ఇక మౌసికీ. ఇక్కడ మా ఇంట్లోనే ఇఖ్తిలాఫ్ ఉంది. మా అబ్బా సాజ్‌కి దూరం. నాత్ వింటారు, తబలా మొదలైతే లేచి పోతారు. ఉలమాలో ఈ మసలా మీద వేర్వేరు రాయ్‌లున్నాయి, నేను ముఫ్తీని కాను. అబ్బా మాటకి ఎదురు చెప్పను, కవ్వాలీకి పోవడమూ మానను. ఆయన అడగరు, నేను దాచను. అలా గడిచిపోతోంది.

ఈ హైదరాబాద్ కవ్వాలీకి చిన్న వారసత్వం కాదు. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ సాబ్‌కి 1971లోనే పద్మశ్రీ వచ్చింది. కోస్తా వైపు చూసినా అంతే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాబ్ నాదస్వరం దేశమంతా మోగింది, ఆయన శ్రీరంగంలోనే స్థిరపడిపోయారు. తెలుగు ముసల్మాన్ ఇళ్లలో పాటే లేదని ఎవరైనా అంటే నేను ఈ పేర్లే చెబుతాను.

మా కవ్వాల్ దోస్తు పగలు మొబైల్ రిపేర్ దుకాణం నడుపుతాడు. హార్మోనియం వాడిది, తబలా వాళ్ల మామూ కొడుకుది, తాళీలకి ముగ్గురు కుర్రాళ్లు. ఇత్వార్ మెహఫిల్‌లో నేను గమనించిందేమిటంటే, ఇక్కడ దాద్‌కీ దామ్‌కీ జగడా లేదు. ఒక షేర్ మనసుకి తగిలితే వినేవాడు ఊరికే వాహ్వా అని కూర్చోడు. లేచి, పెద్దవాళ్ల చేతికి ముందు తాకించి, అదబ్‌గా వంగి నోటు కవ్వాల్ ముందు పెడతాడు. నజరానా. పది కావచ్చు, ఐదొందలు కావచ్చు. ఇచ్చేవాడు గర్వపడడు, తీసుకునేవాడు సిగ్గుపడడు. పాట ఆగదు. మరి దర్గాలో తెలిసిన తమీజ్ ఖత్తాత్ టేబుల్ ముందు ఎక్కడికి పోతుంది? నా సవాల్ ఇదొక్కటే.

దోస్తులు చేసేవన్నీ బాగుంటాయని చెప్పను. ఒక దోస్తు గజల్ అందుకుంటే మా చిన్నోడు చెవులు మూసుకుంటాడు. వాడికి నజరానా ఇస్తాం, "భాయ్, ఇంకా రియాజ్ కావాలె" అని మొహం మీదే చెబుతాం కూడా. వాడు ఉస్తాద్ దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు. ఉత్త తారీఫ్‌తో అది జరిగేది కాదు.

కొన్ని ఇత్వార్‌లు షహర్ దాటి కూడా పోతాం. నల్గొండ వైపు పుట్టపాకలో తేలియా రుమాల్ నేస్తారు. దారాన్ని నూనెలో నానబెట్టి, ముళ్లు కట్టి రంగులద్ది, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు. ఒకప్పుడు ఈ రుమాళ్లు అరబ్ దేశాలకి ఓడల్లో పోయేవి. 2020లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా నానా భుజం మీద ఎప్పుడూ ఒకటుండేది, దగ్గరికి పోతే నూనె వాసన. మా దోస్తు బేటీ ఇప్పుడు ఆ బట్టతో కుర్తాలు కుట్టించి అమ్ముతోంది. పోయిన ఈద్‌కి నాకూ ఒకటి తీసుకున్నాను. అబ్బా చేత్తో పట్టుకుని చూసి, "ఇది మీ నానాది కదా" అన్నారు. కొత్తదని చెప్పినా చాలాసేపు వదల్లేదు.

కార్చోబ్ ఆపా దగ్గర ఒక కొత్త సిల్‌సిలా మొదలైంది, దానికి కారణం మా బేగమే. బట్ట మీద ఆపా పేరుంటుంది, డబ్బా మీద ఆపా పేరుంటుంది, మరి కుట్టినవాళ్ల పేరేదీ అని అడిగింది. ఆపా ఆలోచించి ప్రతి డబ్బాలో ఒక చీటీ పెడతానంది. ఎవరు కుట్టారు, ఎన్ని రోజులు పట్టింది, అంతే. కారీగర్లలో పెద్దాయనది నల్గొండ పక్క ఊరు. చీటీ ఉర్దూలో రాయించాలా, ఇంగ్లీషులోనా అని ఆపా అడిగితే, ఆయన సూది ఆపకుండానే అన్నాడట: "తెలుగులో రాయించండి ఆపా. మా బిడ్డ తెలుగు బడికే పోతది, అదొక్కటే చదవొస్తది దానికి."